హేరోదు గొప్ప రాజా?

బేత్లెహేము శిశువులను చంపించిన హేరోదును చరిత్ర గ్రంథములు 'మహా హేరోదు' అనుచున్నవి. కైసరయ రేవు, క్రొత్తగా కట్టించిన దేవాలయము ఆ బిరుదునకు కారణములందురు. కాని యిర్మీయా 22:13-19 చూడుడి. కూలి ఇయ్యక దేవదారు మేడ కట్టుకొనిన యెహోయాకీమును ప్రవక్త గద్దించి, దీనులకు న్యాయము తీర్చిన అతని తండ్రి యోషీయాను మెచ్చుకొనెను. యెహోయాకీము చనిపోయినప్పుడు ఏడ్చువారుండరనియు చెప్పెను.

ఈ కొలతకు హేరోదు ఒక్కసారి తూగెను. ఆ మాట మనము దాచరాదు. క్రీ.పూ. 25 ప్రాంతమున యూదయలో కరవు రాగా, అతడు తన నగరులోని వెండి బంగారు సామగ్రిని ముక్కలు చేయించి, ఆ సొమ్ముతో ఐగుప్తు ధాన్యము తెప్పించెనని యూదుడైన జోసీఫసు వ్రాసెను. వండుకొనలేని వృద్ధులకు రొట్టెలు కాల్చి పెట్టించెను. మందలు చచ్చి ఉన్ని కరవైనందున చలికి బట్టలిచ్చెను. కరవు నెరిగిన మన పెద్దలు దీనిని తేలికగా ఎంచరు.

అయితే సింహాసనము పోవునను భయముతో అతడు భార్యను, ముగ్గురు కుమారులను చంపించెను. క్రీ.పూ. 4లో మరణమాసన్నమైనప్పుడు, తనకొరకు ఎవరును ఏడ్వరని యెరిగి, యూదుల పెద్దలను యెరికోలో బంధింపజేసి, తాను చనిపోగానే వారిని చంపుడని ఆజ్ఞాపించెనట. అట్లయినను దేశమున ఏడ్పు వినబడునని. అతడు పోయిన పిమ్మట అతని సహోదరి వారిని విడిపించి ఇండ్లకు పంపెను.