రూపాయికి రూపాయిన్నర వస్తుందా?

ఇరిగేషన్ శాఖలో అంచనాలు వేస్తూ రిటైరై, అమెరికాలో అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. లేక్ లానియర్ గట్టున కలిసే మన పిల్లలు ప్రాజెక్టుల మంచిచెడ్డలు అడుగుతుంటారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. లాభం ఎంత అనే ముందు నష్టం ఎవరికని అడగండి. లాభం ఎవరికి చేరినా సరే, మొత్తం మీద ఖర్చును మించితే చాలని 1936 నాటి అమెరికా వరద నియంత్రణ చట్టం చెప్పింది. ఈ ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో సుమారు 1,100 మంది నల్లజాతివారిని తరిమేశారు. వాళ్లలో కొందరు భూములు అమ్ముకోకుండానే పారిపోయారు. 1950ల్లో ఈ లేక్ లానియర్‌ను నింపిన బ్యుఫర్డ్ డ్యామ్ కోసం భూసేకరణ జరిగినప్పుడు డబ్బు ముట్టింది కాగితం చేతిలో ఉన్నవాళ్లకే. నల్లజాతివారు బతికిన ఆస్కార్‌విల్‌లో కొంత భాగం నీళ్ల కిందికి పోయింది. మన శ్రీశైలం, పోలవరం ముంపు ఊళ్లలోనూ పట్టాలేని కూలీ, పోడు రైతు పడింది ఈ బాధే. ఈ నష్టాన్ని రాయని అంచనాను నేను నమ్మను.

2. ఏటేటా అయ్యే ఖర్చు చూడండి. ఎత్తిపోతల్లో ఆయకట్టు అంకె అందరికీ కనిపిస్తుంది, కరెంటు బిల్లు కనిపించదు. కాళేశ్వరంలో రూపాయి పెడితే 1.51 వస్తుందన్నారు. లాభాలు పెంచి, ఖర్చులు తగ్గించి చూపారని 2024లో బయటికొచ్చిన కాగ్ నివేదిక తేల్చింది. ఖర్చు 1,47,427 కోట్లకు చేరితే వచ్చేది 52 పైసలేనంది.

3. వడ్డీ రేటు అడగండి. యాభై ఏళ్ల తర్వాతి వంద రూపాయల లాభానికి 7 శాతం లెక్కన నేటి విలువ మూడున్నర కూడా ఉండదు, 2 శాతానికైతే 37. మనవళ్ల వాటా ఆ ఒక్క అంకెలో ఉంది.

4. పూర్తయ్యాక మళ్లీ లెక్క వేయాలి. బ్యుఫర్డ్‌ను తలపెట్టింది వరద, కరెంటు, నౌకల కోసం. 1948లో ఖర్చు పంచుకోమంటే అట్లాంటా మేయర్ హార్ట్స్‌ఫీల్డ్ ఆ నీళ్ల అవసరం లేదన్నారు. నేడు మెట్రో అట్లాంటాకు ప్రధాన నీటి ఆధారం లానియరే. ఆ నీళ్ల కోసం మూడు రాష్ట్రాలు దశాబ్దాలు కోర్టుల్లో పోరాడాయి. పైనుంచి నీళ్లు తగ్గి తమ తీరంలో ఆల్చిప్పలు దెబ్బతిన్నాయన్న ఫ్లోరిడా వాదన 2021లో సుప్రీంకోర్టులో నిలవలేదు.

కౌంటీలో కొత్త ప్రాజెక్టుకు పబ్లిక్ హియరింగ్ పెడితే మన పిల్లలు తప్పక వెళ్లండి. నష్టపోయేవాళ్ల జాబితా ఏదని మైకు ముందే అడగండి.