జాషువ 'గబ్బిలం'లో కొన్ని మాటలు – అర్థాలు

పద్యం అనగానే మనలో చాలామంది ప్రతిపదార్థం బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోతాం. నేనూ అంతే. కాని మహాకవి గుఱ్ఱం జాషువ (1895–1971) 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యంలో కొన్ని మాటలు మన ఇళ్లలో వినబడేవే.

ముందుగా 'సందేశం'. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువ కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక అస్పృశ్యుడు శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. మనిషికి లేని గుడిప్రవేశం గబ్బిలానికి ఉంది కదా! సంస్కృతంలో 'దిశ్' ధాతువుకు చూపించు అని అర్థం. ఆదేశం, ఉపదేశం, సందేశం అన్నీ దాని నుంచి పుట్టినవే.

'రెక్క' అచ్చ తెలుగు మాట. పక్షికైతే ఎగిరేది, మనిషికైతే భుజం, చేయి. 'రెక్కాడితే గాని డొక్కాడదు' అని సామెత. ఈ కథానాయకుడి రెక్కల కష్టం లేకుంటే పైరే పండదంటాడు కవి. తొమ్మిదో తరగతిలో నేను దీనికి 'గబ్బిలం ఎగరడానికి పడే కష్టం' అని రాసి క్లాసంతా నవ్వేలా చేశాను. మా అమ్మ కలుపు తీసి వచ్చి "రెక్కలు పడిపోయినయిరా" అని రోజూ అనేది. ఆ మాటే పుస్తకంలో కనబడితే గుర్తుపట్టలేకపోయాను!

'చెమటోడ్చు'లో ఉన్నది ఓటమి కాదు. 'ఓడు' అంటే కారు, స్రవించు. గాయం నెత్తురోడుతోంది అంటాం కదా, అదే. 'ఓడ్చు' అంటే కార్చు.

ఇక 'భుక్తి'. భోజనం, భుక్తి రెండూ 'భుజ్' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. లోకానికి మొదటిది పెట్టేవాడికి రెండోది లేదని చెప్పడానికి జాషువ ఈ రెండు మాటలనూ పక్కపక్కనే వాడాడు. భుక్తికి ఇంకో అర్థమూ ఉంది: అనుభవం, అంటే స్వాధీనంలో ఉంచుకోవడం. భూమి ఎవరిదో తేల్చడానికి రాతపత్రం, సాక్షులు, భుక్తి అని మూడు రుజువులు చెప్పాయి ధర్మశాస్త్రాలు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని తలచినప్పుడల్లా భూమి, భుక్తి, విముక్తి అని మూడు మాటలు కలిపి చెప్పడం మీరు వినే ఉంటారు.

మా తాత నలభై ఏళ్లు దున్నిన చేనుకు కాగితం లేదు. సెలవుల్లో ఈ అర్థం చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాడు.