మీ పేరున పడే ప్రతి రూపాయినీ మీరే చూసుకోండి

చంద్రగిరిలో పొద్దున్నే బస్సెక్కే పిల్లల్లో కొందరు రేణిగుంట ఫ్యాక్టరీలకు, కొందరు శ్రీసిటీకి పోతారు. ఇంకొందరు సామాను సర్దుకుని చెన్నై, బెంగళూరు చేరతారు. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. నేను ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి పిల్లలు జీతం కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. "తాతా, ఇంత కటింగ్ ఎందుకు?" అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

రాతకు ఉన్న బలం మన ఊరికి కొత్త కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీకి చెన్నపట్నం నేల దక్కిన రాతకోతలు జరిగింది చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. మీ కష్టార్జితానికీ రాతే రక్ష. నేను చూసి తెలుసుకున్నవి చెబుతాను, వినండి.

1. చేతికొచ్చిందే జీతం అనుకోవద్దు

మొదటి నెలే పే స్లిప్ అడిగి తీసుకుని, ప్రతి లైనూ చదవండి. మొత్తం జీతం 18,000 రూపాయలు, అందులో బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకుందాం. పీఎఫ్‌కు 12 శాతం చొప్పున 1,440, ఈఎస్ఐకి 0.75 శాతం చొప్పున 135, వృత్తి పన్ను 150 పోను చేతికి 16,275 వస్తుంది. ఈ మూడింటిలో పన్నుగా పోయేది ఆ 150 మాత్రమే. మన రాష్ట్రంలో నెల జీతం 15,000 దాటకపోతే అదీ ఉండదు, 20,000 దాటితే 200. మిగతా రెండూ మీవే. "కటింగులేమీ లేకుండా మొత్తం చేతికే ఇస్తాం" అని ఎవరైనా అంటే సంబరపడకండి. యజమాని తన వంతుగా కట్టాల్సిన డబ్బు కూడా అక్కడే పోతుంది.

2. ఉద్యోగం మారినా పీఎఫ్‌ను కదిలించొద్దు

మీరు కట్టిన 1,440కి సమానంగా యజమానీ కడతాడు. అందులో దాదాపు 1,000 పింఛను నిధికి, మిగతాది మీ పీఎఫ్ ఖాతాకు చేరుతుంది. పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. కంపెనీ మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసి ఖర్చు పెట్టేవాళ్లకు ఆ పదేళ్లు ఎప్పటికీ నిండవు. ఐదేళ్లు నిండకముందే తీస్తే పన్ను లెక్కలోకీ రావచ్చు. అందుకే యూఏఎన్ నంబరు ఒక్కటే పెట్టుకుని, పాత ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. జీతంలో కోసినంత మాత్రాన ఖాతాలో జమ అయినట్టు కాదు. నెలనెలా పాస్‌బుక్ చూసుకోండి. రెండు నెలలు వరసగా పడకపోతే పీఎఫ్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

3. ఈఎస్ఐ కార్డు జేబులో ఉండాలి

ప్రస్తుతం జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. కార్డు చేయించుకుని పెట్టెలో దాచేసి, జ్వరమొస్తే అప్పు చేసి ప్రైవేటు ఆసుపత్రికి పోయే ఇళ్లను చాలా చూశాను. మీ మీద ఆధారపడిన భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంది కాబట్టి వాళ్ల పేర్లూ ఎక్కించండి. అర్హత ఉంటే జబ్బు చేసి పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. ఆడపిల్లలకు ప్రసూతికి 26 వారాల వేతనం ఉంది.

4. పన్ను లేకున్నా రిటర్న్ వేయండి

2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే అది 12.75 లక్షలు. షేర్ల లాభాల లెక్క మాత్రం వేరు. అయితే ఎక్కడైనా టీడీఎస్ కోసి ఉంటే, రిటర్న్ వేస్తేనే ఆ డబ్బు తిరిగొస్తుంది. జీతగాళ్లకు మామూలుగా గడువు జూలై 31. "పెద్ద రీఫండ్ తెప్పిస్తాం, కమీషన్ ఇవ్వండి" అని వచ్చేవాళ్లను గడప తొక్కనివ్వద్దు. లేని అద్దె, లేని బీమా చూపిస్తే రేపు నోటీసు వచ్చేది మీ పేరుకే.

5. రూపాయల వడ్డీని శాతాల్లోకి మార్చి చూడండి

మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36 శాతం. 50,000 అప్పుకు నెలకు 1,500, మూడేళ్లకు 54,000. వడ్డీయే అసలును దాటింది, అసలు అలాగే ఉంది. నగ ఉంటే బ్యాంకులో తాకట్టు, పొదుపు సంఘం ఉంటే అక్కడి అప్పు ఇంతకంటే చాలా మేలు.

6. చీటీ కట్టేముందు రిజిస్ట్రేషన్ అడగండి

చీటీలకు 1982 నాటి చట్టం ఉంది. రిజిస్టరైన చీటీలో రాతపూర్వక ఒప్పందం ఉంటుంది, గొడవొస్తే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి పోవచ్చు. నోటిమాట మీద నడిచే చీటీలో పాడినవాడు ఊరొదిలితే మిగిలేది ఏడుపే. బ్యాంకు డిపాజిట్‌కు మనిషికి, బ్యాంకుకు 5 లక్షల దాకా బీమా ఉంది. చీటీకి అలాంటి బీమా లేదు.

7. కువైట్ పోయేవాళ్లకు

పది పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. కేంద్రం దగ్గర రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లండి. అతను తీసుకోదగిన సేవా రుసుము 30,000, దానిపై జీఎస్టీ మాత్రమే. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, రక్షణ 10 లక్షలు. అక్కడికి చేరాక ఎన్ఆర్ఈ ఖాతా తెరిచి డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఆ ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇక్కడి పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి. హవాలాలో పంపిన డబ్బుకు రసీదు ఉండదు, పోతే అడిగే హక్కూ ఉండదు.

8. నామినీ పేరు రాయించండి

బ్యాంకు ఖాతా, పీఎఫ్, బీమా అన్నిటికీ నామినీ ఉండాలి. పెళ్లయ్యాక పీఎఫ్ నామినేషన్ మళ్లీ వేయాలి. ఏడాదికి 436 కడితే జీవన్ జ్యోతి, 20 కడితే సురక్షా బీమా, చెరో 2 లక్షలు. వీటికయ్యే 456 రూపాయల కోసం ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.

బిడ్డలారా, ఇందులో ఏదీ పెద్ద చదువు అడిగే పని కాదు. ఈ నెల జీతం పడిన రోజే పే స్లిప్, పీఎఫ్ పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని సరిచూడండి. తేడా ఉంటే అదే రోజు అడగండి.