చూచి గాని రవ్వను కొనవద్దు

మన కలిగిరి పొగాకు వేలములో కొనువాడు ఆకును చూడక ధర చెప్పడు. మనమును పళ్లు చూచి, పొదుగు చూచి గాని గేదెను తోలుకొని రాము. అయితే ఇంట పెండ్లి కుదిరి రవ్వల కమ్మలు కొనవలసి వచ్చినప్పుడు, ఫోనులో బొమ్మ చూచి, చీటీలో అంకెలు చూచి బయానా ఇచ్చువారు మనలో కలరు. ఇది తగునా? కనుక ఈ మాసము రవ్వను చూచుట యెట్లో నేర్చుకొందము.

మన తెలుగుదేశమునకు ఈ విద్య క్రొత్తది కాదు. 17వ శతాబ్దములో ఫ్రాన్సు దేశపు వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యమునకు వచ్చి, కృష్ణాతీరమందలి కొల్లూరు గనిని చూచెను. ఇక్కడివారు రాత్రివేళ గోడలో అడుగు చదరపు గూడు తొలిచి, అందులో లావు వత్తి దీపముంచి, రాతిని వ్రేళ్ల నడుమ పట్టి పరీక్షించుదురని అతడు వ్రాసెను. నీలిఛాయను కనిపెట్టుటకు ఆకులు దట్టమైన చెట్టు నీడయే తప్పని పరీక్ష అనియు చెప్పెను. వెలుగు మారిన కొలది రాయి వేరుగా కనబడునన్నమాట.

నేటి ధృవపత్రము బరువు, రంగు, స్వచ్ఛత, కోత అను సంగతులు చెప్పును. ఒక కారెటు అనగా 200 మిల్లీగ్రాములు. పత్రము అవసరమే. ప్రయోగశాలలో పెంచిన వజ్రమును గని వజ్రమునుండి కంటితో వేరుచేయుట మన తరము కాదు. అయితే అంకెలు ఒక్కటిగానే ఉన్న రెండు రాళ్లలో ఒకటి జిగేలుమనవచ్చును, ఒకటి మసకగా ఉండవచ్చును. కోత కుదిరిన రాతిలో దిగిన వెలుగు తిరిగి పైకే వచ్చును. రాయి మరీ లోతైనను, మరీ పలుచనైనను ఆ వెలుగు క్రిందికి జారిపోవును. ఈ భేదము కంటితో చూచి తెలిసికొనవలసినదే.

గనుక ఈ అయిదు సంగతులు గుర్తుంచుకొందము.

1. అంగడి దీపముల క్రింద నాసి రాయియు మెరయును. గుమ్మము యొద్దకు తెచ్చి, ఎండ తగలని పగటి వెలుగులో చూడవలెను.

2. పొదుగక ముందే రాతిని తెల్ల కాగితముపై బోర్లించి ప్రక్కనుండి చూడవలెను. పసుపుఛాయ ఉన్న తెలియును. బంగారములో పొదిగిన తరువాత అది దాగును.

3. మెల్లగా త్రిప్పుచు చూడవలెను. నడుమ మబ్బు గాని, వెలగని చోటు గాని కలదా? పదింతలు చూపు భూతద్దము అడిగి, అంచున పగులు కలదేమో కనిపెట్టవలెను.

4. ఒక్క రాతినే చూచి తృప్తిపడక, రెండు మూడు ప్రక్కప్రక్కన పెట్టించవలెను. కమ్మలైతే రెండింటి రాళ్లు రంగులో సరిపోలవలెను.

5. హాల్‌మార్కు ముద్ర బంగారమునకే గాని రాతికి కాదు. రాతి బరువు, బంగారపు బరువు వేరువేరుగా బిల్లులో వేయించి, తిరిగి తీసికొను షరతును వ్రాయించుకొనవలెను.

మత్తయి సువార్త 13వ అధ్యాయములోని వర్తకుడు అమూల్యమైన ముత్యమును కనుగొనిన తరువాతనే తనకు కలిగినది అమ్మెను గాని, ముందుగా అమ్మలేదు. మెట్టచేను తాకట్టు పెట్ట నెంచిన తండ్రి ఈ వరుసను మరువకూడదు. అంగడివాడు కూర్చుండబెట్టి చల్లని పానీయము ఇచ్చినంత మాత్రమున కొనవలెనని లేదు. నచ్చనియెడల వద్దని చెప్పి లేచి వచ్చుట సిగ్గు కాదు. రాయి అక్కడనే ఉండును, చేను మనకు మిగులును.