ఒక్క అక్షరం తేడా

తమ్ముళ్లూ! నేనూ మన హాస్టల్లో ఉండి పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవాణ్ణే. తర్వాత ఫిజియోథెరపీలో చేరాను. అక్కడ మొదటి నెలలోనే నన్ను ఏడిపించినవి శరీర కదలికల పేర్లు. మీలో బైపీసీ తీసుకునేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకోసం ఈ పాఠం.

ముందు లేచి నిటారుగా నిలబడండి. చేతులు కిందికి వదిలి, అరచేతులు ఎదుటివాళ్లకు కనపడేలా తిప్పండి. బొటనవేళ్లు బయటివైపుకు వస్తాయి. దీన్ని అనాటమికల్ పొజిషన్ అంటారు. రోగి మంచంమీద బోర్లా పడుకున్నా సరే, పేర్లన్నీ ఇలా నిలబడిన మనిషిని బట్టే చెప్పాలి.

మోచెయ్యి మడిచి ముద్ద నోటికి తెచ్చుకుంటే ఫ్లెక్షన్, చాపితే ఎక్స్‌టెన్షన్. సాయంత్రం గుగ్గిళ్లకోసం అరచెయ్యి పైకి తిప్పి పడతామే, అది సుపినేషన్. అదే చేతిని బోర్లిస్తే ప్రొనేషన్. ఇక్కడ తిరిగేది మణికట్టు అనుకుంటాం. కాదు! ముంజేతిలోని రెండు ఎముకల్లో రేడియస్ అనేది అల్నా మీదుగా అడ్డంగా వస్తుంది. మోచెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో ముంజేతిని పట్టుకుని తిప్పి చూడండి, తెలుస్తుంది. ఇక కబడ్డీలో చీలమండ బెణికేది ఎక్కువగా ఇన్వర్షన్‌లో, అంటే అరికాలు లోపలికి తిరిగినప్పుడు.

అసలు చిక్కు అబ్డక్షన్, అడక్షన్‌లతోనే. శరీరం మధ్యగీత నుంచి దూరంగా జరిపితే అబ్డక్షన్. మధ్యగీత వైపుకు తెస్తే అడక్షన్. లాటిన్‌లో 'అబ్' అంటే దూరంగా, 'అడ్' అంటే వైపుకు. డ్రిల్లులో చేతులు పక్కలకు ఎత్తడం మొదటిది, దించడం రెండోది. వేళ్లకు మాత్రం గీత వేరు: చేతికి మధ్యవేలు, కాలికి రెండో వేలు.

రెండో సంవత్సరంలో, తుంటి కీలు మార్చిన ఒక పెద్దాయన కాలు అబ్డక్షన్‌లో ఉంచాలని సార్ చెప్పారు. నేను అడక్షన్ అని రాశాను. వెనకవైపు నుంచి చేసిన ఆ ఆపరేషన్ తర్వాత కాలు మధ్యగీత దాటి అవతలికి పోతే కొత్త కీలు జారిపోవచ్చు. అందుకే కాళ్లమధ్య దిండు పెడతారు. రాత్రి డ్యూటీ సిస్టర్ అది చదివి, "ఏంటి బాబూ, దిండు తీసెయ్యమంటావా?" అని అడిగింది. నా ఒళ్లు చల్లబడింది. సార్ చెప్పినప్పుడు నాకు సరిగా వినపడలేదు. మళ్లీ అడిగితే ఇంగ్లీషు రానివాడనుకుంటారని ఊరుకున్నాను.

అప్పట్నుంచి 'ఏ-బి-డక్షన్', 'ఏ-డి-డక్షన్' అని అక్షరాలు విడదీసే పలుకుతున్నాను. పెద్దపెద్ద డాక్టర్లు కూడా అలాగే పలుకుతారని తర్వాత తెలిసింది.