పైరెక్స్ గిన్నెలు
అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున కార్నింగ్ అను పట్టణము కలదు. అచ్చటి గాజు కర్మాగారములో జెస్సీ లిటిల్‌టన్ అను శాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. 1913లో ఆయన బ్యాటరీలకై చేసిన గాజుజాడీ అడుగుభాగమును కోసి ఇంటికి తెచ్చెను. ఆయన భార్య బెస్సీ దానిలో కేకు చేసెను, గాజు పగులలేదు. 1915లో పైరెక్స్ అను పేర వంటపాత్రలు అంగడికి వచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప వ్యాపించిన నాలుగు రంగుల గిన్నెల సెట్టునకు నేడు సేకర్తలలో ఆదరము మెండు. పసుపుపచ్చనిది అన్నిటికంటె పెద్దది. ఆకుపచ్చ, ఎరుపు, నీలము గిన్నెలు క్రమముగా దానిలో ఒదిగియుండును.

పరీక్షింపగోరువారు మొదట గిన్నెను బోర్లింతురు. అడుగున పైరెక్స్ అను ముద్రయు, పెక్కింటికి అంకెయు నుండును. నీలపుదానికి 401, పసుపుపచ్చనిదానికి 404. అంకె లేనంతమాత్రమున నకిలీ యనరాదు. తొలినాటివి కొన్ని అంకెలు లేకయే వెలువడెను. అంచువెంట వ్రేలు మెల్లగా పోనిచ్చినచో కంటికి కానరాని పెచ్చు తెలియును.

అసలు వెల రంగులో నున్నది. ఆ రంగు గాజులోనిది కాదు; తెల్లని గాజుపై పూసి కాల్చినది. పాత్రలు కడుగు యంత్రములోని ఘాటైన సబ్బు దాని మెరుపును హరించును. పోయిన మెరుపు మరల రాదు. అమ్మబోవుచు తళతళలాడింపవలెనని యంత్రములో వేసినవారే వెలను పోగొట్టుకొనుట విచిత్రము!

తల్లి గతించినపిదప ఇల్లు ఖాళీచేయు బిడ్డలు నాలుగు గిన్నెలను నలుగురికి పంచివేయుటయు కలదు. చెదరిన సెట్టును కూర్చుటకు సేకర్తలు పాతసామాను సంతలు తిరుగుదురు. ఎర్రగిన్నె యొకటి దొరికినను చాలదు. దాని మెరుపు తక్కిన మూడింటితో సరిపోలవలెను గదా!