ఊపిరికి అడ్డుపడే పురుగులు

వేసవిలో మిట్టమధ్యాహ్నం మన బళ్ళారి ప్రాంతపు బయళ్ళలో గొర్రెల మందను మీరు చూచే ఉంటారు. ఆ వేళకు అవి మేత మానివేస్తాయి. ఒకదాని పొట్టకింద మరొకటి తలదూర్చి, ముక్కులు నేలకు ఆనించి గుంపుగా నిలబడతాయి. ఎండకు ఓర్వలేక నీడ వెతుక్కుంటున్నాయని మనం అనుకుంటాం. అది కొంతవరకు నిజమే. కాని వాటి భయం ఎండ ఒక్కదాని వల్లనే కాదు. ఆ వేడిలో ఒక బూడిదరంగు ఈగ వాటి ముక్కుల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఈ ఈగ గుడ్లు పెట్టదు. ఎగురుతూనే గొర్రె ముక్కురంధ్రాల వద్ద అతిచిన్న పిల్లపురుగులను చిమ్మిపోతుంది. అవి ముక్కులోనికి పాకి, నుదుటి ఎముకలలో ఉండే గాలిగదుల దాకా చేరి, అక్కడి జిగురును తిని లావెక్కుతాయి. గొర్రెకు చీమిడి కారుతుంది; మాటిమాటికీ తుమ్ముతుంది. ఎదిగిన పురుగు ఆ తుమ్ముతోనే బయటపడి, మట్టిలో దాగి, కొన్నాళ్ళకు ఈగగా మారి మళ్ళీ మంద దగ్గరకే వస్తుంది.

ఒక జీవి శరీరంలో చేరి, దాని తిండి తిని బ్రతికే జీవిని పరాన్నజీవి అంటారు. ఆశ్రయమిచ్చే జంతువును ఆతిథేయి అంటారు. పేరు గౌరవంగా ఉన్నా, ఈ అతిథిని ఆతిథేయి పిలవలేదు!

బళ్ళారి పేరుతో ఒక గొర్రెజాతే ఉన్నది. దాని ముతక ఉన్నితో కంబళ్ళు నేస్తారు. కురుబలు, గొల్లలు తరతరాలుగా ఈ మందలనే నమ్ముకొని బ్రతుకుతున్నారు. మందలో పదిపిల్లలు దగ్గుతూ చిక్కిపోతే ఆ ఇంటి సంవత్సరపు రాబడికే దెబ్బ. ఆ దగ్గుకు కారణాలు అనేకం. వాటిలో ఒకటి ఊపిరితిత్తుల పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని డిక్టియోకాలస్ ఫైలేరియా అంటారు. తెల్లని దారపుపోగులా 3 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. గొర్రె వాయునాళంలో, దాని కొమ్మలలో కాపురముంటుంది.

ఈ పురుగు ఒక గొర్రెనుండి మరొక గొర్రెకు ఎట్లు పోతుంది? దీని దారి చాలా చిత్రమైనది. పురుగు పెట్టిన గుడ్లు గొర్రె దగ్గినప్పుడు నోటిలోకి వస్తాయి. గొర్రె వాటిని మింగుతుంది. గుడ్లలోనుంచి వచ్చిన డింభకాలు పెంటికలతో బయటపడతాయి. తడిగా ఉన్న గడ్డిలో ఇంచుమించు వారం రోజులలో అవి ఇంకొక గొర్రెకు సోకగల స్థితికి వస్తాయి. ఆ వారం రోజులూ అవి ఏమీ తినవు. పుట్టుకతో తెచ్చుకొన్న నిల్వ ఆహారంతోనే గడుపుతాయి. గడ్డితోపాటు వాటిని మింగిన గొర్రెలో, ప్రేగు గోడను తొలిచి, రక్తంలో ప్రయాణించి తిరిగి ఊపిరితిత్తులకు చేరతాయి.

ఈ దారిలో పురుగుకు తప్పనిసరిగా కావలసినది తడి. మండే ఎండకు బీటలువారిన నేలమీద డింభకాలు నిలవలేవు. కనుక మన ఎండు బయళ్ళకంటే కాలువ గట్లు, చెరువు అంచులు, వానల తరువాత తడియారని పల్లపు బీళ్ళు దీనికి అనుకూలమైన చోట్లు. చల్లని కాశ్మీరు కొండలలో దీని బాధ మరీ ఎక్కువ. అక్కడి మందల కోసం భారత పశువైద్య పరిశోధన సంస్థవారు కిరణాలతో బలహీనపరచిన డింభకాలనే టీకాగా తయారుచేశారు.

ముక్కులో ఒకటి, ఊపిరితిత్తులలో ఒకటి: గొర్రెకున్న ఈ రెండు బాధలే సముద్రంలో ఈదే జంతువులకూ ఉన్నాయంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. మన జిల్లాకు సముద్రం లేదు. అయినా తుంగభద్రలో నీటికుక్కలను చూచినవారికి ఆ జంతువుల తీరు సులభంగా అర్థమవుతుంది. నీటికుక్క చేపలను వేటాడుతుంది, నీటిలో మునుగుతుంది. కాని గాలికోసం తల పైకెత్తక తప్పదు. దానికి చేపలవలె మొప్పలు లేవు. ఈ నీటికుక్కల రక్షణ కోసమే 2015లో కర్ణాటక ప్రభుత్వం ముద్లాపురం నుంచి కంప్లి వరకు సుమారు 34 కిలోమీటర్ల నదీభాగాన్ని ప్రత్యేక సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. సముద్రంలోని డాల్ఫిన్లు, తిమింగలాలు, సీళ్ళు, సముద్రసింహాలు కూడ ఇటువంటి క్షీరదాలే. పిల్లలకు పాలిస్తాయి, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి.

మనం మామూలుగా ఊపిరి తీసి వదిలినప్పుడు లోపలి గాలిలో కొద్దిభాగమే మారుతుంది. డాల్ఫిన్ మాత్రం ఒక్క ఊపిరితో ముప్పాతికకు పైగా గాలిని మార్చివేయగలదు. ఆ గాలితోనే అది లోతుకు మునిగి వేటాడాలి. అందువల్ల ఊపిరితిత్తులలో పురుగులు నిండితే దానికి వచ్చేది ఒక్క దగ్గు కాదు. ఎక్కువసేపు మునగలేదు, మునగలేకపోతే చేప దొరకదు, చేప దొరకకపోతే బలం తగ్గి, రోగం ముదురుతుంది.

కాలిఫోర్నియా తీరంలోని సముద్రసింహాలలో పారాఫిలరాయిడెస్ అనే సన్నని పురుగు ఉంటుంది. దీని డింభకాలు కూడ దగ్గుతో నోటికి వచ్చి, మింగుడుపడి, మలంతో సముద్రంలో కలుస్తాయి. ఇంతవరకు గొర్రె పురుగు కథే. కాని సముద్రంలో గడ్డి మేసేవారెవరు? అక్కడ ఒక చేప అడ్డువస్తుంది. తీరపు రాళ్ళమధ్య తిరిగే ఓపల్ఐ అనే చేప ఆ మలాన్ని తింటుంది. డింభకాలు చేపలో కొంత ఎదిగి వేచి ఉంటాయి. ఆ చేపను తిన్న సముద్రసింహానికి పురుగు సోకుతుంది. ఇటువంటి చేపను మధ్యస్థ ఆతిథేయి అంటారు. ఈ దారిని 1970లో డెయిలీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వివరించాడు.

ఇప్పుడు ఒక సముద్రసింహాన్ని పట్టి జంతుశాలలోని కొలనులో ఉంచారనుకోండి. అక్కడ దానికి పెట్టేది గడ్డకట్టించి నిల్వచేసిన చేపలు. తగినంత చలిలో తగినన్ని రోజులుంచితే చేపలోని డింభకాలు చనిపోతాయి. కొలనులో బ్రతికిన ఓపల్ఐ చేప ఉండదు. కనుక దారి తెగిపోయినట్లే. బయటనుంచి తెచ్చుకొన్న పురుగులు లోపల ఉండవచ్చుగాని కొత్తవి చేరవు. (ఈ నిల్వ చేపలకు వేరొక లోపమున్నది. కొన్నిరకాల చేపలలోని ఒక పదార్థం బి1 విటమినును పాడుచేస్తుంది. అందుచేత సంరక్షకులు చేప మొప్పలలో విటమిను మాత్రలు దూర్చి తినిపిస్తారు.)

అయితే బందిగా ఉంచడం ఆరోగ్యానికి మంచిదేనా అని మీరు అడుగవచ్చు. తొందరపడకండి. డాల్ఫిన్లలో హేలోసెర్కస్ అనే ఊపిరితిత్తుల పురుగు ఉన్నది. అప్పుడే పుట్టిన పిల్లలలోనే ఎదిగిన పురుగులు కనబడడం వల్ల, తల్లి కడుపులో ఉండగానే ఇది పిల్లకు సోకుతున్నదని 1991లో శాస్త్రజ్ఞులు నిరూపణలు చూపారు. ఇక్కడ చేపను గడ్డకట్టించి ఏమి లాభం?

అంతకంటే ముఖ్యమైనది ముక్కునల్లి. ఇది పురుగు కాదు. మన పశువులను పట్టే పిడుదులకు దూరపు చుట్టం. బూడిదరంగు సీలు ముక్కులో ఉండే ఇటువంటి నల్లిని ఆల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1847లోనే వర్ణించాడు. సముద్రసింహాలలో, వాల్‌రస్‌లలో ఆర్తోహలారక్నే జాతి నల్లులుంటాయి. పెద్ద నల్లి తన గోళ్ళతో ముక్కు లోపలి పొరను పట్టుకొని కదలకుండా ఉంటుంది. పిల్లనల్లి మాత్రం ఆరు కాళ్ళతో చురుకుగా నడుస్తుంది. సముద్రసింహం తుమ్మినప్పుడు, లేదా ముక్కుకు ముక్కు రాసినప్పుడు అది పక్క జంతువుకు చేరుతుంది. దీనికి చేప అక్కరలేదు, గడ్డి అక్కరలేదు. కావలసిందల్లా మరొక ముక్కు దగ్గరగా ఉండడమే.

ఇరుకైన కొలనులో, ఒకే గట్టుమీద పగలంతా ఒరుసుకొని పడుకొనే జంతువులకంటే దగ్గరి ముక్కులు ఎక్కడ దొరుకుతాయి? పురుగు దారిని తెంచిన ఆ కొలనే నల్లికి రాచబాట అవుతుంది. కాలిఫోర్నియాలోని సముద్రపు నీటికుక్కలను పరిశీలించినప్పుడు కూడ, మనుషుల సంరక్షణలో కొంతకాలం గడిపిన వాటిలో ముక్కునల్లి ఎక్కువగా కనబడింది. అందువల్లనే మంచి జంతుశాలలలో కొత్తగా వచ్చిన జంతువును కొన్నాళ్ళు వేరుగా ఉంచి, పరీక్షించిన తరువాతనే పాతవాటితో కలుపుతారు. సంతనుంచి కొన్న గొర్రెను తెలిసిన కాపరి వెంటనే మందలో తోలడు కదా! ఇదీ అంతే. ఈ నల్లి మనిషిని కూడ ఒకసారి ముట్టుకొన్నది. సముద్ర జంతువుల ప్రదర్శనకు వెళ్ళివచ్చిన ఒకతని కంటిలో అది దొరికినట్లు 1985లో ఒక వ్యాసం వెలువడింది.

మన దేశంలోనూ ఇటువంటి ప్రదర్శనలు పెట్టాలని ప్రయత్నాలు జరిగాయి. 1998లో చెన్నై దగ్గర ఒక వినోదశాలకు బల్గేరియానుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్దినెలలకే చనిపోయాయి. ఆ మరణాలకు ఈ పురుగులే కారణమని చెప్పడం నా ఉద్దేశం కాదు. దూరదేశపు సముద్రజీవిని తొట్టిలో బ్రతికించడం ఎంత కష్టమో చెప్పడానికే ఈ మాట. 2013 మే నెలలో కేంద్ర ప్రభుత్వం డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు తెలిపింది. అది సరైన నిర్ణయమే. అయినా గాయపడి ఒడ్డున పడిన సీళ్ళను, సముద్రసింహం పిల్లలను కాపాడే కేంద్రాలు అనేక దేశాలలో ఉన్నాయి. వాటికి ఈ జ్ఞానం ప్రతిరోజూ కావాలి.

మందు లేదా అంటే, ఉన్నది. ఐవర్మెక్టిన్ అనే మందు గొర్రె ముక్కులోని ఈగపురుగుకూ, ఊపిరితిత్తుల పురుగుకూ, సీలు ముక్కులోని నల్లికీ పనిచేస్తుంది. జపానులో సతోషి ఒమురా సేకరించిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీని మూలపదార్థం దొరికింది. అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ దానిపై పరిశోధన సాగించాడు. 2015లో వారిద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం లభించింది. కాని మందు ఉన్నది కదా అని గుప్పెడు పోయరాదు. సన్నని గాలిగొట్టాలలో వందల పురుగులు ఒక్కసారి చస్తే, ఆ చచ్చిన పురుగులే గొట్టాలకు అడ్డుపడి వాపు పుట్టిస్తాయి. కనుక సముద్రజంతువుల వైద్యులు ముందు జంతువు బలాన్ని చూచి, వాపు తగ్గించే మందు కూడ ఇచ్చి చికిత్స చేస్తారు. గొర్రెకైనా బరువు చూచి పశువైద్యుడు చెప్పిన మోతాదే పోయాలి. చాలీచాలని మోతాదులతో మందుకు లొంగని పురుగులు తయారవుతాయి.

అసలు లోపల పురుగు ఉన్నదని ఎట్లు తెలుసుకోవాలి? డాల్ఫిన్‌కు తలపైనున్న ఊపిరిరంధ్రం మీద ఒక గాజుపళ్ళెం పట్టుకొని, ఊపిరి గట్టిగా వదలడం నేర్పుతారు. పళ్ళెంమీద పడిన తుంపరను సూక్ష్మదర్శినితో చూస్తారు. గొర్రెకు ఇంకా తేలికైన పద్ధతి ఉన్నది. దీనిని 1917లో బేర్మన్ అనే వైద్యుడు మట్టిలోని పురుగులను వెతకడానికి కనిపెట్టాడు. గొర్రె అప్పుడే వేసిన పెంటికలను పలుచని గుడ్డలో మూటకట్టాలి. నేలమీద పడి చాలాసేపు ఉన్నవి పనికిరావు. వాటిలో మట్టిపురుగులు చేరి ఉంటాయి. గాజుగరాటు కాడకు రబ్బరు గొట్టం తగిలించి, దాని కొనను బిగించి, గరాటులో గోరువెచ్చని నీరు పోసి ఆ మూటను నీటిలో మునిగేటట్లు వ్రేలాడదీయాలి. డింభకాలు గుడ్డలోనుంచి నీటిలోకి వస్తాయి. అవి పాకగలవుగాని ఈదలేవు. కనుక రాత్రంతా ఉంచితే ఒక్కొక్కటే జారి గొట్టం అడుగుకు చేరతాయి. తెల్లవారిన తరువాత గొట్టం కొన వదులుచేసి, మొదట జారిన చుక్కలను గాజుపలకమీద పట్టి సూక్ష్మదర్శినిలో చూడాలి. మెలికలు తిరుగుతున్న డింభకపు తలకొనమీద చిన్న బొడిపె, పొట్టలో నల్లని నిల్వగింజలు కనబడితే, ఆ మందలో ఊపిరితిత్తుల పురుగు ఉన్నట్లే.